కాఫీ మెషిన్‌లో గార, నేను పడ్డ పాట్లు

కాఫీ చేదెక్కిందని ముందు అన్నది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. పొడి కాస్త ఎక్కువ పడి ఉంటుందిలే అన్నాను. మర్నాడు అర చెంచా తగ్గించి వేశాను. కాఫీ పలచబడింది గానీ చేదు పోలేదు. పొడి మార్చాను, అదీ అంతే. ఇంకోటి తెచ్చాను. నెల తిరిగేసరికి వంటింటి అరలో సగం వాడి రబ్బరు బ్యాండ్ వేసిన పొట్లాలు మూడు చేరాయి. ఒక్కోదాన్నీ ఒక్కో వారం తిట్టుకుని పక్కన పెట్టాను. మెషిన్ మీద మాత్రం అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? రోజూ పైనంతా తుడుస్తాను, అద్దంలా ఉంటుంది.

మాది మామూలు డ్రిప్ మెషిన్. వెనక నీళ్ల ట్యాంక్, ముందు పొడి వేసే బుట్ట, కింద గాజు జగ్గు, జగ్గు కింద వేడి పళ్లెం. కొని మూడేళ్లు దాటింది. మొదట్లో స్విచ్ వేసి పళ్లు తోముకుని వచ్చేలోపు కాఫీ తయారయ్యేది. ఈమధ్య స్నానం చేసి వచ్చినా ఇంకా చుక్కా చుక్కా పడుతూనే ఉంటోంది. చప్పుడు కూడా మారింది. ఇదివరకు హాయిగా బుడబుడమనేది, ఇప్పుడు రెండుసార్లు దగ్గి, ఆగి, మళ్లీ దగ్గుతోంది. ఒకరోజు టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. మూత తీస్తే ట్యాంక్‌లో రెండు వేళ్ల ఎత్తున నీళ్లు అలాగే ఉన్నాయి. కాసేపాగి మళ్లీ స్విచ్ వేస్తే కదిలింది. కరెంటు లో వోల్టేజి అనుకున్నాను. అలా ఇంకో వారం.

చివరికి ఒక రాత్రి ఫోన్ టార్చ్ వేసి ట్యాంక్‌లోకి చూశాను. నీళ్లు లోపలికి దిగే కన్నం చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంది. గోటితో గీరితే సున్నం గోడను గీరినట్టు గరుకుగా తగిలింది. గోటి కింద తెల్లటి పొడి. కంటికి కనిపించే చోటే ఇంత ఉంటే లోపల ఎంత ఉండాలి?

లోపల అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. చిన్న మోటారేదో ఉండి నీళ్లను పైకి తోస్తుందనుకునేవాణ్ణి. మోటారూ లేదు, పంపూ లేదు. ట్యాంక్ అడుగు నుంచి నీళ్లు ఒక అల్యూమినియం గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టాన్ని అంటుకునే హీటర్ ఉంటుంది. నీళ్లు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అవి వెనక్కి, ట్యాంక్ వైపు పోకుండా గొట్టం మొదట్లో ఒక చిన్న వాల్వ్ అడ్డుకుంటుంది. ఇంక దారి పైకే. బుడగలు ముందున్న వేడినీళ్లను తోసుకుంటూ పైకి వెళ్లి పొడి మీద పోస్తాయి. మనకి వినపడే బుడబుడ అదే. అదే హీటర్ జగ్గు కింది పళ్లేన్నీ వేడిగా ఉంచుతుంది. కరెంటుతో నడిచే మొదటి డ్రిప్ మెషిన్‌గా చెప్పుకునే విగోమాట్‌కి జర్మనీలో పేటెంట్ వచ్చింది 1954లో. ఇన్నేళ్లయినా ఇంట్లో వాడే మెషిన్ లోపల ఇంత తక్కువ సరంజామా ఉండటం నాకు ముచ్చటేసింది.

ఆ తెల్ల పెచ్చు సంగతి బళ్లో చదివిందే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోతుంది, కాల్షియం కార్బొనేట్ గోడకు అంటుకుంటుంది. పంచదార వేడి నీళ్లలో బాగా కరుగుతుంది కదా, దీనిది తిరకాసు, వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే ట్యాంక్‌లో కంటే హీటర్ గొట్టంలోనే ఎక్కువ పేరుకుంటుంది. 'నీటి తాత్కాలిక కాఠిన్యం మరిగిస్తే పోతుంది' అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పోయి ఎక్కడ కూర్చుంటుందో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఈ గార వేడిని మోసుకుపోవడంలో మహా బద్ధకం, అల్యూమినియంతో పోలిస్తే సుమారు వందో వంతు. హీటర్ తన వేడిని నీళ్లకి ఇవ్వలేక తనే కాగిపోతుంది. కాపలాగా పెట్టిన థర్మోస్టాట్ టక్కుమని ఆపేస్తుంది. మా మెషిన్ మధ్యలో ఆగిపోయింది అందుకు. పాపం, లో వోల్టేజి ఏమీ లేదు. ఇక చేదు సంగతి. నీళ్లు 92 నుంచి 96 డిగ్రీల వేడిలో పొడిని తాకి, 4 నుంచి 8 నిమిషాల్లో దిగిపోవాలని డ్రిప్ కాఫీకి చెప్పే లెక్క. నీళ్లు నత్తనడక నడిస్తే పొడి అంతసేపూ నానుతూ చేదంతా దించేస్తుంది.

మొదటి ఆదివారం నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. వెనిగర్ గార వదిలిస్తుందని విన్నాను. వంట సోడా మురికి వదిలిస్తుందని విన్నాను. రెండూ కలిపితే రెట్టింపు కదా! ట్యాంక్‌లో వెనిగర్ పోసి, పైన రెండు చెంచాల సోడా వేశాను. బుస్సుమని నురగ పొంగి గట్టు మీదకి కారింది. నాకు ఒకటే సంబరం, లోపల గార చచ్చిపోతోందని. నురగ అణిగాక స్విచ్ వేశాను. జగ్గులోకి దిగిన నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. మర్నాడు కాఫీ ఎప్పటిలాగే చేదు, మెషిన్ ఎప్పటిలాగే దగ్గు.

మా అక్క కెమిస్ట్రీ చెబుతుంది. ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అవతల కాసేపు నవ్వే వినపడింది.

"ఒరేయ్, ఆ నురగ చూసి మురిసిపోయావా? అది గార పోతున్న నురగ కాదురా. వెనిగర్, సోడా ఒకదాన్నొకటి తినేశాయి. ఇంక గారని తినడానికి ఏం మిగిలింది? నువ్వు మెషిన్‌లో పోసింది ఉత్త ఉప్పునీళ్లు."

"మరి రెండూ పనిచేస్తాయంటారు కదక్కా?"

"విడివిడిగా. అందులో ఉన్నది రెండు రకాల మురికి. గార రాయిలాంటిది, అది పులుపుకి లొంగుతుంది. కాఫీ నూనె జిడ్డు, దానికి సబ్బో సోడానో కావాలి. జిడ్డు మీద ఎంత పులుపు పోసినా పోదు, గార మీద ఎంత సబ్బు రుద్దినా పోదు. ముందు ఒకటి, అది పూర్తిగా కడిగాక రెండోది."

పెట్టేసే ముందు ఇంకో మాట గట్టిగా చెప్పింది. "విసుగొచ్చి బ్లీచింగ్ గట్రా పోస్తావేమో, పులుపుతో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఆ పని మాత్రం చెయ్యకు."

తర్వాతి ఆదివారం పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు ఒక కొలత కావాలనిపించింది, బాగుపడిందో లేదో తెలియాలి కదా. జగ్గు మీద 8 గీత దాకా నీళ్లు పోసి, పొడి వేయకుండా నడిపి టైమర్ పెట్టాను. 14 నిమిషాలు పట్టింది, మధ్యలో ఒకసారి ఆగింది కూడా. (ఈ జగ్గుల మీద 'కప్పు' అంటే మనం తాగే కప్పు కాదు. ఒక్కో గీత 125 నుంచి 150 మిల్లీలీటర్లు ఉంటుంది. 12 కప్పుల మెషిన్ అని కొని పన్నెండుమందికి కాఫీ ఇవ్వబోతే ఆ తేడా తెలిసొస్తుంది.)

వెనిగరా, నిమ్మ ఉప్పా (అంటే సిట్రిక్ యాసిడ్ పలుకులు) అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. వెనిగర్ అయితే సగానికి సగం నీళ్లు కలిపి పోయాలి. పనిచేస్తుంది, కానీ వాసన రబ్బరు గొట్టాలకి పట్టుకుని అంత తేలిగ్గా వదలదు. పోయినవారం వాసనే ఇంకా ట్యాంక్‌లో ఉంది. కొన్ని మెషిన్ల పుస్తకాల్లో వెనిగర్ వాడమంటారు, కొన్నిటిలో వద్దంటారు, కాబట్టి ఆ పుస్తకం ఒకసారి తిరగేయడం మంచిది. మాది సొరుగు అడుగున దొరికింది, మూడేళ్లలో మొదటిసారి తెరిచాను. నేను నిమ్మ ఉప్పు తీసుకున్నాను. లీటరు నీళ్లకి సుమారు 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు. గోరువెచ్చటి నీళ్లలో ఒక్క పలుకు మిగలకుండా కరిగించాను. ఘాటుగా ఉంటే తొందరగా పోతుందని ఎక్కువ వేయొద్దని అక్క ముందే చెప్పింది. బాగా చిక్కగా, సలసలా కాగుతూ ఉంటే కాల్షియం సిట్రేట్ అనే ఇంకో తెల్ల పదార్థం తయారై అదే అడ్డం పడొచ్చట. ఒక గార వదిలించి ఇంకో గార తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

ట్యాంక్‌లో ఉండే బొగ్గు ఫిల్టర్ తీసి పక్కన పెట్టాను. ఖాళీ బుట్టలో కొత్త పేపర్ ఫిల్టర్ వేశాను, ఊడి వచ్చే పెచ్చులు జగ్గులోకి పోకుండా. ఇది నాకు తట్టిన ఉపాయం, బాగా పనికొచ్చింది. పులుపు నీళ్లు పోసి స్విచ్ వేసి, సగం దిగగానే ఆపేసి అరగంట వదిలేశాను. గొట్టంలో నిలబడ్డ నీళ్లు తమ పని చేసుకోవడానికి ఈ విరామం. మొత్తం ఒకేసారి నడిపేస్తే పులుపు గారని పలకరించి వెళ్లిపోతుందంతే. అలాగని రాత్రంతా ఉంచకూడదు. గార అయిపోయాక పులుపు అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. ట్యాంక్ దగ్గర చెవి పెట్టి విన్నాను, సన్నగా చిటపటలు. గార కరిగి కార్బన్ డయాక్సైడ్ పోతున్న చప్పుడు. అసలు నురగ ఇంత నెమ్మదైనదని పోయిన ఆదివారం తెలిసి ఉంటే బాగుండేది.

అరగంటయ్యాక మళ్లీ స్విచ్ వేశాను. బుడబుడ లేదు. హీటర్ సన్నగా రొద పెడుతోంది, జగ్గులోకి చుక్క రావడం లేదు. ట్యాంక్ మూత తీస్తే కింద కన్నం నుంచి బుడగలు ట్యాంక్‌లోకే ఎగతన్నుతున్నాయి. మొహానికి ఆవిరి కొట్టింది. టెన్షన్ వచ్చేసింది, ఉన్న కాఫీ కూడా పోగొట్టుకున్నానని. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

ప్లగ్ పీకేసి చల్లారనిచ్చాను. కాసేపు ఆలోచిస్తే అర్థమైంది. గార మొత్తం కరగదు. కొంత కరిగి, మిగతాది పట్టు తప్పి పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన పెచ్చు వెళ్లి వాల్వ్‌లో ఇరుక్కుంది, వాల్వ్ మూసుకోవడం లేదు. బుడగలకి సులువైన దారి వెనక్కే దొరికింది. నీళ్లు పారబోసి, మెషిన్‌ని సింక్ మీద తలకిందులుగా పట్టుకుని, అడుగున అరచేత్తో తట్టాను. నాలుగు దెబ్బలు వేశాక లోపల ఏదో గలగలమంది. ఇంకా కుదిపితే కన్నంలోంచి చిటికెన వేలి గోరంత ముక్క జారి సింక్‌లో పడింది. తర్వాత చూస్తే పొడి మీద నీళ్లు చల్లే మూతికి ఏడు చిల్లులుంటే మూడు పూడిపోయి ఉన్నాయి. గుండుసూదితో పొడిచాను. మెషిన్ అడుగు మరలు విప్పాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది గానీ మానుకున్నాను. కరెంటు తీగలున్న చోట నీళ్ల పని నాకు చేతకాదు.

మళ్లీ పులుపు నీళ్లు పోసి స్విచ్ వేశాను. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఒక్క పెద్ద దగ్గు దగ్గి ధారగా మొదలైంది. ప్రాణం లేచొచ్చింది. దిగిన నీళ్లు మజ్జిగ తేటలా ఉన్నాయి, పేపర్ ఫిల్టర్ నిండా పెచ్చులు. ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాను. కోడిగుడ్డు పెంకు ముక్కలా ఉంది (నిజానికి గుడ్డు పెంకు కూడా ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే). ఒకవైపు గరుకు, ఇంకోవైపు నున్నగా, సన్నగా వంపు తిరిగి. ఆ వంపు గొట్టం లోపలి వంపే. మధ్యలో సన్నటి గోధుమరంగు చారలు కూడా ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య నొక్కితే ఫట్‌మని విరిగింది.

ఫిల్టర్ మార్చి, కొత్త నిమ్మ ఉప్పు నీళ్లతో ఇంకో విడత. ఈసారి పెచ్చులు తక్కువ. మూడో విడతకి ఇసుక రేణువుల్లాంటివి నాలుగు పడ్డాయంతే. మూడేళ్ల గార కాబట్టి మూడు విడతలు పట్టింది. కొన్ని నెలలకోసారి చేసేవాళ్లకి ఒకటి చాలు. తర్వాత మామూలు నీళ్లతో మూడుసార్లు నడిపాను. మొదటిసారి వచ్చిన నీళ్లు నాలుక మీద వేసుకుంటే పుల్లగా ఉన్నాయి, మూడోసారికి నీళ్ల రుచే.

ఇక జిడ్డు. ఇంత పులుపు తాగించినా బుట్ట అడుగు గోధుమరంగు అలాగే ఉంది. అక్క చెప్పింది కళ్లముందు కనపడింది. బుట్ట వెనక వేలితో రాస్తే జారుడుగా ఉండి, వాసన చూస్తే మాడి పాతబడిన నూనె వాసన. కాఫీ గింజలో నూనె ఉంటుంది, ప్రతి కాఫీకీ ఒక పొర అంటుకుంటుంది, గాలి తగిలి మక్కిపోతుంది. మర్నాటి కాఫీ దాని మీదుగానే దిగుతుంది. పై నుంచి నీళ్లు పోసి తొలిస్తే ఇది పోదు, మూడేళ్లుగా నేను చేసింది అదే.

బుట్ట, జగ్గు మూత, ఊడివచ్చే ప్లాస్టిక్ ముక్కలన్నీ బాగా వేడిగా ఉన్న నీళ్లలో గిన్నెల సబ్బు, కాస్త బట్టల సోడా వేసి అరగంట నానబెట్టాను. చేతులకి గ్లవ్స్ వేసుకున్నాను, బట్టల సోడా చర్మాన్ని మండిస్తుంది. నీళ్లు డికాషన్ రంగుకి తిరిగాయి. జగ్గు మూత కీలు సందులో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే నల్లటి మడ్డి వచ్చింది. ఆ సందులోంచి మూడేళ్లుగా కాఫీ పోసుకుంటున్నామని మా ఆవిడకి చెప్పలేదు. నీళ్లు చల్లే మూతి ఊడిరాదు కాబట్టి సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కింద నుంచి తుడిచాను. వేడి పళ్లెం మీద మాడిన కాఫీ వలయానికి, చల్లారాక, వంట సోడా ముద్ద రాసి పావుగంట ఉంచి తడిగుడ్డతో తుడిచాను. పోయిన ఆదివారం తప్పు చోట తగలేసిన సోడా ఇక్కడ పనికొచ్చింది. స్టీలు పీచు పెట్టి రుద్దకూడదు, పళ్లెం మీద పూత లేచిపోతుంది.

మళ్లీ 8 గీత దాకా నీళ్లు పోసి టైమర్ పెట్టాను. 7 నిమిషాల 10 సెకన్లు. 14 నుంచి సగానికి! దగ్గు లేదు, చివర్లో ట్యాంక్ ఖాళీ అయ్యేటప్పుడు వచ్చే గరగర తప్ప. మర్నాడు పొద్దున అలవాటుగా తగ్గించిన కొలతే వేస్తే కాఫీ నీళ్లనీళ్లగా వచ్చింది. చేదు లేదు కాబట్టి ఆ పలచదనం బయటపడింది. పాత కొలతకి వెళ్లాను. మా ఆవిడ తాగి, ఏమీ అనకుండా రెండోసారి కప్పు ముందుకు జరిపింది.

తర్వాత కుతూహలం కొద్దీ నీళ్ల కాఠిన్యం చూసే కాగితపు పట్టీలు తెచ్చి ముంచాను. లీటరుకి 250 మిల్లీగ్రాముల రంగు వచ్చింది. 60 లోపుంటే మెత్తటి నీళ్లు, 180 దాటితే బాగా కఠినమైనవి అని లెక్క. అవే నీళ్లు మూడేళ్లు పోశాను. ఇప్పుడు సగం ఫిల్టర్ నీళ్లు, సగం మామూలు నీళ్లు కలిపి పోస్తున్నాను. ఖనిజాలు బొత్తిగా లేని నీళ్లతో చేస్తే కాఫీ చప్పగా ఉంటోంది, రుచి దిగడానికి అవీ కొంచెం కావాలి. మిగిలిన నీళ్లు ట్యాంక్‌లో నిలవుంచడం మానేశాను. రాత్రి మూత తెరిచి ఆరనిస్తాను. బుట్ట, జగ్గు రోజూ సబ్బుతో. నిమ్మ ఉప్పు రెండు నెలలకోసారి. టైమర్ 8 నిమిషాలు దాటితే అంతకంటే ముందే.

మా తమ్ముడి దగ్గరున్నది పాడ్ మెషిన్, అంటే పొడి నింపి మూసిన చిన్న డబ్బీలు పెట్టి నడిపేది. ఇదంతా విని వాడు వెంటనే వెనిగర్ పోయబోయాడు, ఆపాను. వాటిలో పంపు ఉంటుంది, దారులు ఇంకా సన్నం, గార వదిలించడానికి వాటికి వేరే క్రమం ఉంటుంది. పుస్తకంలో చెప్పిన మందు, చెప్పిన వరుసలోనే చేయాలి. వాడి మెషిన్ మీద ఆరు నెలలుగా ఒక ఎర్ర లైటు వెలుగుతోందట, ఎందుకో తెలియక దాని మీద స్టిక్కర్ అంటించాడట. గార తీయమని చెప్పే లైటు అది. మెషిన్ లోపలికి చూసి చెప్పదు, ఎన్ని నీళ్లు పోయాయో లెక్కపెట్టి వెలుగుతుంది. అందుకే గార తీశాక రీసెట్ కూడా చేయాలి, లేదంటే వెలుగుతూనే ఉంటుంది.

అరలో ఉన్న మూడు పొట్లాలూ వరుసగా తీసి మళ్లీ చేసి చూశాను. మూడోది నిలవ వాసన వచ్చింది, పారేశాను. రెండోది ఫరవాలేదు. మొదటిది, అందరికంటే ముందు తిట్లు తిన్నది, బాగుంది. ఇప్పుడు మళ్లీ అదే తెస్తున్నాను.